దరఖాస్తు పేజీలో విరాళం బటన్: ఒక స్వచ్ఛంద సంస్థ కెరీర్స్ వెబ్‌సైట్ కేస్ స్టడీ

ఈ పని ముగిసి కొంతకాలమైంది. సంస్థ పేరు, అది పనిచేసే చోట్లు, మనుషుల వివరాలు తీసేశాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని చిన్న విషయాలు మార్చాను. ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. మొదటి విడతలో నేను చేసిన డిజైన్ చూడ్డానికి బాగుంది, సంస్థలో అందరికీ నచ్చింది, కానీ దరఖాస్తు చేసుకునేవాళ్లకు పనికిరాలేదు. ఇలాంటి పని మొదలుపెట్టేవాళ్లకు ఆ భాగమే ఎక్కువ ఉపయోగపడుతుందని నా నమ్మకం.

నేపథ్యం

అది మధ్యస్థాయి స్వచ్ఛంద సంస్థ. తాగునీరు, ఆరోగ్యం, పిల్లల చదువు మీద పనిచేస్తుంది. శాశ్వత ఉద్యోగులు కొద్దిమందే. ఎక్కువమంది ప్రాజెక్టు నడిచినంత కాలం ఒప్పందం మీద ఉండేవాళ్లు. నిధులు వచ్చినప్పుడు పోస్టులు వస్తాయి, నిధులు ముగిస్తే పోతాయి. వీళ్లు కాక వాలంటీర్లు. ఎప్పుడు చూసినా పది పదిహేను ఖాళీలు ఉండేవి.

వెబ్‌సైట్ మొత్తం దాతలను దృష్టిలో పెట్టుకుని కట్టింది. ఉద్యోగాల లింకు పేజీ అడుగున ఎక్కడో ఉండేది. దాన్ని నొక్కితే బయటి కంపెనీ దగ్గర అద్దెకు తీసుకున్న దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ తెరుచుకునేది. ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చడానికి వీల్లేదని మొదటి మీటింగ్‌లోనే చెప్పేశారు. ఒప్పందం ఇంకా నడుస్తోంది.

సమస్య ఏమని చెప్పారు

హెచ్‌ఆర్ అధిపతి మాటల్లో: "మంచి అభ్యర్థులు రావట్లేదండి. వచ్చేవాళ్లలో సగం మందికి ఆ ఉద్యోగంతో సంబంధమే ఉండదు. మన పేజీ చూస్తే ఎవరికీ ఉత్సాహం కలగట్లేదు."

ఇందులో మొదటి రెండు మాటలు గమనించిన విషయాలు. మూడోది వాళ్లు ఊహించిన కారణం. ఆ తేడాను నేను అప్పుడు పట్టించుకోలేదు. మూడో మాటనే సమస్యగా తీసుకుని పని మొదలుపెట్టాను.

మొదటి ప్రయత్నం

నేను మాట్లాడింది హెచ్‌ఆర్‌తో, ప్రచార విభాగంతో, సంస్థలో పనిచేస్తున్న నలుగురు ఉద్యోగులతో. ఉద్యోగులతో మాట్లాడితే అభ్యర్థుల మనసు తెలుస్తుందనుకున్నాను. కానీ వాళ్లు తలుపు దాటి లోపలికి వచ్చినవాళ్లు. తలుపు దగ్గరే వెనక్కి తిరిగినవాళ్లకు ఏమైందో వాళ్లెలా చెప్పగలరు?

వాళ్లు చెప్పిందాన్ని బట్టి కట్టిన పేజీ ఇలా ఉంది: పైన స్క్రీన్ నిండా వీడియో, కింద సంస్థ విలువలు, ఆ కింద ఉద్యోగుల కథలు, తర్వాత 9 రకాల ఫిల్టర్లతో వెతికే పెట్టె, చివర ఉద్యోగాల జాబితా. దరఖాస్తు సాఫ్ట్‌వేర్‌ను కొత్త ట్యాబ్‌లో తెరవకుండా మా పేజీలోనే ఒక ఫ్రేమ్‌లో ఇమిడ్చాం. బయటికి వెళ్లినట్టు అనిపించకూడదనేది మా ఉద్దేశం.

పేజీ చూసేవాళ్లు పెరిగారు. పూర్తయి చేరే దరఖాస్తులు పెరగలేదు. సంబంధం లేని దరఖాస్తులూ తగ్గలేదు.

ఏది ఎందుకు విఫలమైంది

అప్పుడు చేసిన ఒక పని నేను మొదటి రోజే చేయాల్సింది. హెచ్‌ఆర్ మెయిల్‌బాక్స్‌కు మూడు నెలల్లో వచ్చిన ప్రశ్నలన్నీ, పేర్లు తీసేసి, ఇమ్మని అడిగాను. రెండు రోజులు కూర్చుని చదివాను. ఎవరూ సంస్థ విలువల గురించి అడగలేదు. "ఇది జీతం ఉన్న ఉద్యోగమా, వాలంటీర్ పనా?" "పని ఎక్కడ?" "ఎన్ని నెలల ఒప్పందం?" "పోయిన నెల పంపాను, అందిందా?" "ఈ ప్రకటన నిజమైనదేనా?" అడిగినవాళ్లు మారారు గానీ ప్రశ్నలు ఇవే.

తర్వాత అభ్యర్థులతో కూర్చున్నాం. ఐదుగురితో పరీక్షిస్తే వాడకంలోని ఇబ్బందుల్లో దాదాపు 85 శాతం బయటపడతాయని వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధించే జేకబ్ నీల్సన్ 2000లో రాసిన మాటను మా రంగంలో అందరూ వాడతారు. అదే వ్యాసంలో ఆయన, వాడేవాళ్లు ఒకరికొకరు బాగా భిన్నమైన గుంపులైతే ఒక్కో గుంపు నుంచి కొందరిని విడిగా తీసుకోవాలనీ, మూడు గుంపులో ఇంకా ఎక్కువో ఉంటే గుంపుకు ముగ్గురు చాలనీ రాశాడు. ఆ రెండో సగాన్ని చాలామంది వదిలేస్తారు. మాకు మూడు గుంపులు ఉన్నాయి: క్షేత్రస్థాయిలో తిరిగి పనిచేసేవాళ్లు, ఆఫీసు పనివాళ్లు, మొదటిసారి ఉద్యోగం వెతుక్కునేవాళ్లు. గుంపుకు ముగ్గురు చొప్పున 9 మందిని పిలిచాం. ఎవరి ఫోన్ వాళ్లు తెచ్చుకోమన్నాం. అందులో ఒకరు తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవారు. వాళ్ల సమయానికి డబ్బు ఇచ్చాం. ఉద్యోగం వెతుక్కుంటున్న మనిషిని ఉచితంగా గంటసేపు కూర్చోబెట్టడం నాకు తప్పుగా అనిపిస్తుంది.

ఆ రోజుల్లో చూసినవి ఒక్కొక్కటిగా చెబుతాను.

ఉద్యోగాల పేర్లు. జాబితాలో "మీల్ ఆఫీసర్" అని ఉంది. ఈ రంగంలో ఉన్నవాళ్లకు అది పర్యవేక్షణ, మూల్యాంకనం, జవాబుదారీతనం, నేర్చుకోవడం అనే నాలుగు ఇంగ్లిష్ మాటల తొలి అక్షరాలు. సర్వేల్లో మంచి అనుభవం ఉన్న ఒకావిడ ఆ పేరు చూసి దాటేశారు. ఎందుకని అడిగితే, "భోజనాల ఏర్పాట్లు చూసే పని కదండీ, నాకు అది రాదు" అన్నారు. సరిగ్గా ఆమెలాంటి వాళ్ల కోసమే సంస్థ నెలల తరబడి వెతుకుతోంది. "వాష్ ఇంజనీర్" కూడా అంతే. నీరు, పారిశుద్ధ్యం, పరిశుభ్రత అని లోపలివాళ్లకు తెలుసు, బయటివాళ్లకు తెలియదు. సంబంధం లేని దరఖాస్తులు ఎందుకు వస్తున్నాయో, సంబంధం ఉన్నవి ఎందుకు రావట్లేదో రెండింటికీ కారణం చాలావరకు ఇక్కడే కనిపించింది.

ఫిల్టర్లు. పదమూడు ఉద్యోగాలకు 9 ఫిల్టర్లు. రెండు ఎంచుకోగానే "ఫలితాలు లేవు" అని వచ్చేది. ముగ్గురు అక్కడే ఆగి, ఖాళీలు లేవనుకున్నారు.

ఫ్రేమ్. ఐఫోన్ వాడిన ఇద్దరికీ ప్రతి మెట్టు దగ్గరా మళ్లీ లాగిన్ అడిగింది. కారణం పట్టుకోవడానికి మాకు ఒక పూట పట్టింది. ఒక సైట్ లోపల ఇమిడ్చిన మరో సైట్ పెట్టే కుకీలను, అంటే లాగిన్ లాంటివి గుర్తుంచుకునే చిన్న ఫైళ్లను, ఐఫోన్‌లో ఉండే బ్రౌజర్ సఫారి 2020 మార్చి నుంచి పూర్తిగా ఆపేస్తోంది. దరఖాస్తుల సాఫ్ట్‌వేర్ మా పేజీలో ఫ్రేమ్‌గా ఉంది కాబట్టి సఫారి దృష్టిలో అది బయటిదే. లాగిన్ గుర్తుండేది కాదు. బయటికి వెళ్లినట్టు అనిపించకూడదని మేము చేసిన ఏర్పాటే మనుషులను బయటికి తోసేసింది. సంస్థలో పరీక్షించిన వాళ్లందరూ ఆఫీసు కంప్యూటర్లలో వేరే బ్రౌజర్ వాడారు కాబట్టి ఎవరికీ కనిపించలేదు.

ఇక విరాళం బటన్.

సంస్థ సైట్‌లో ప్రతి పేజీ పైనా పెద్ద రంగు బటన్ మీద "విరాళం ఇవ్వండి" అని ఉంటుంది. మేము కట్టిన ఉద్యోగాల పేజీలోనూ, దరఖాస్తు ఫారం పైనా అదే ఉంది. మొదటిసారి ఉద్యోగం వెతుక్కుంటున్న ఒక అబ్బాయి ఫారం సగం నింపి, ఆ బటన్ చూసి ఆగిపోయాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "దరఖాస్తుకు డబ్బు కట్టాలా అండి?" అని అడిగాడు. లేదని చెప్పాను. "ఇదివరకు ఒకసారి ఉద్యోగమని చెప్పి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టించుకున్నారు. అప్పటి నుంచి డబ్బు మాట కనిపిస్తే మూసేస్తాను" అన్నాడు.

స్వచ్ఛంద సంస్థల పేరు పెట్టుకుని నకిలీ ఉద్యోగాల ప్రకటనలు చాలా తిరుగుతుంటాయి. అందుకే ఐక్యరాజ్యసమితి సంస్థలు సైతం ఎంపికలో ఏ దశలోనూ డబ్బు తీసుకోబోమని తమ ఉద్యోగాల పేజీల్లో హెచ్చరిక రాస్తాయి. అలా మోసపోయిన మనిషికి, ఉద్యోగం ఇస్తామంటూనే పక్కన డబ్బు అడిగే పేజీ ఎలా కనిపిస్తుంది? ఆ అబ్బాయి అడిగే వరకు నా తలలోకి ఆ ఆలోచనే రాలేదు. ఆ తర్వాత మిగిలిన రికార్డింగులు మళ్లీ చూశాం. ఇంకో ఇద్దరు ఆ బటన్ దగ్గర తటపటాయించడం కనిపించింది. వాళ్లు నోరు విప్పి అడగలేదు, అంతే.

ఆ రాత్రి నా నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాసుకున్నాను: వీళ్లకు ఉత్సాహం తక్కువ కాలేదు, అనుమానాలు తీరలేదు. రెండో విడత డిజైన్ అంతా ఆ వాక్యం మీదే నడిచింది.

ఏది పనిచేసింది

ముందుగా విరాళం బటన్ సంగతి. ఉద్యోగాల పేజీల నుంచి దాన్ని తీసేయాలని అడిగాను. నిధుల సేకరణ విభాగం ఒప్పుకోలేదు. సైట్‌లో ఏ పేజీ నుంచైనా దాత రావచ్చు, బటన్ అన్నిచోట్లా ఉండాలన్నది వాళ్ల నియమం. వాళ్ల వాదనలో తప్పు లేదు. ఆ డబ్బుతోనే ఈ ఉద్యోగాలకు జీతాలు వస్తాయి. వాదించి గెలవాలని చూడకుండా, ఆ అబ్బాయి అనుమతితో ఆ 40 సెకన్ల రికార్డింగ్‌ను ముఖం కనబడకుండా చేసి వాళ్లకు వినిపించాను. విభాగం అధిపతి ఇంకోసారి పెట్టమన్నారు. తర్వాత, "తీసేయండి. మన దగ్గరికి పని కోసం వచ్చిన పిల్లాడికి మనం అలా కనబడకూడదు" అన్నారు. బటన్ ఉన్నచోట ఒక వాక్యం పెట్టాం: "దరఖాస్తుకు గానీ, ఇంటర్వ్యూకు గానీ, శిక్షణకు గానీ మేము ఎప్పుడూ డబ్బు అడగం. ఎవరైనా మా పేరుతో అడిగితే మాకు చెప్పండి." చెప్పడానికి ఒక మెయిల్ చిరునామా, దాన్ని రోజూ చూసే మనిషి. చూసే మనిషి లేకుండా ఆ వాక్యం పెట్టొద్దని గట్టిగా పట్టుబట్టాను.

వీడియో తీసేశాం. ఉద్యోగుల కథలు వేరే పేజీకి వెళ్లాయి. కావాలనుకున్నవాళ్లు చదువుతారు. ఫిల్టర్లన్నీ తీసేసి, ఉన్న ఖాళీలన్నీ ఒకే జాబితాగా, జీతం ఉన్నవి పైన, వాలంటీర్ పనులు విడిగా కింద పెట్టాం. పదిహేను వరుసలను మనిషి కళ్లు సులువుగానే చదువుతాయి.

ఉద్యోగాల పేర్లు మార్చడం ఇంతకన్నా కష్టమైంది. దాతలకు పంపే నివేదికల్లో పాత పేర్లే ఉండాలి, వాటిని ముట్టుకోలేం. అందుకని పేజీలో పనిని చెప్పే పేరు ముందు రాసి, సంస్థ లోపలి పేరును కింద చిన్నగా ఇచ్చాం. "ప్రాజెక్టుల ఫలితాలను సర్వేలతో కొలిచే అధికారి" అనేది కాస్త పొడుగే. అయినా చదివినవాళ్లకు పని ఏమిటో అర్థమవుతుంది. ప్రతి పేరునూ ఆ రంగం తెలియని ఒకరికి చూపించి, "ఈ మనిషి పొద్దున్నే వచ్చి ఏం చేస్తుంది?" అని అడిగేవాళ్లం. జవాబు సరిగ్గా వచ్చేదాకా మార్చాం.

ప్రతి ఉద్యోగం పేజీలో మొట్టమొదట ఐదు విషయాలు: జీతం, చోటు, ఒప్పందం ఎంతకాలం, చివరి తేదీ, ఫలితం చెప్పే తేదీ. మెయిల్‌బాక్స్‌లో వచ్చిన ప్రశ్నలే ఇవి. జీతం దగ్గర పెద్ద చర్చ నడిచింది. బయట పెడితే లోపలి ఉద్యోగులు పోల్చుకుంటారని ఒక డైరెక్టర్ భయపడ్డారు. వేరే రంగాల్లో అయితే జీతం రాయకపోతే ఎంతిస్తారో తెలియదు. స్వచ్ఛంద సంస్థలో రాయకపోతే అసలు ఇస్తారో లేదో కూడా తెలియదు. ఈ మాటే ఆయన్ను ఒప్పించింది. కచ్చితమైన అంకె కాకుండా ఇంత నుంచి ఇంత వరకు అని రాయడానికి అంగీకరించారు. ఒప్పందం కాలం దగ్గర కూడా మెత్తని మాటలు రాయలేదు. నిధులు 18 నెలలకే ఉంటే 18 నెలలని రాశాం. తర్వాత పొడిగింపు తప్పకుండా ఉంటుందనే ఆశ కలిగించే వాక్యాలు కొట్టేశాం. ఇల్లు మారి, పిల్లల బడి మార్చి వచ్చే మనిషికి ఆ నిజం ముందే తెలియాలి.

చివరి తేదీ విషయంలో ఒక చిన్న సాంకేతిక సంగతి. ముగిసిపోయిన ఉద్యోగాలు సెర్చ్‌లో ఇంకా కనిపిస్తుండేవి. పేజీలోని సమాచారాన్ని సెర్చ్ ఇంజన్లకు అర్థమయ్యేలా రాసే ఉమ్మడి పద్ధతి స్కీమా డాట్ ఆర్గ్. ఉద్యోగ ప్రకటనలకు అందులో జాబ్ పోస్టింగ్ అనే నిర్మాణం ఉంది. అందులో ప్రకటన తేదీ, ఎప్పటివరకు చెల్లుతుంది, జీతం, చోటు లాంటివి యంత్రానికి అర్థమయ్యేలా రాయొచ్చు. చెల్లుబాటు తేదీని నింపడం, గడువు దాటగానే పేజీలో "ముగిసింది" అని పెట్టి దరఖాస్తు బటన్ తీసేయడం ఆటోమేటిక్ చేశాం. గడువు పక్కన గంటలు, ఏ ప్రాంతపు సమయమో కూడా రాశాం.

ఫారం

సాఫ్ట్‌వేర్‌ను మార్చలేం కానీ అందులో ఏ ప్రశ్నలు ఉండాలో మన చేతిలోనే ఉంది. ఫ్రేమ్ తీసేసి దాన్ని మామూలు పేజీగా తెరిచాం. దాంతో సఫారి సమస్య పోయింది. తర్వాత ఉన్న 43 గడులను ఒక గోడ మీద కాగితాలుగా అంటించి, హెచ్‌ఆర్ వాళ్లను నిలబెట్టి ఒకే ప్రశ్న అడిగాను: "మొదటి వడపోతలో ఈ జవాబును ఎవరు చదువుతారు?" ఎవరూ చదవని కాగితం పక్క గోడకు వెళ్లింది. పుట్టిన తేదీ, ఫొటో, రిఫరెన్సులు, పాత జీతం, అత్యవసర ఫోన్ నంబర్ అన్నీ అటు వెళ్లాయి. చివరికి మొదటి దశకు మిగిలినవి 14. అవసరం లేని దశలో వయసూ ముఖమూ చూడకపోవడం వడపోతకు కూడా మంచిదే. దొంగిలించడానికి వీలైన సమాచారం సంస్థ దగ్గర తక్కువ ఉండటం ఇంకో లాభం.

రెజ్యూమె అప్‌లోడ్ చేశాక అందులో ఉన్నదే మళ్లీ గడుల్లో నింపమనడం అందరినీ విసిగించేది. వెబ్‌సైట్లను వైకల్యం ఉన్నవాళ్లు కూడా వాడగలిగేలా చేయడానికి 2023 అక్టోబర్‌లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాల్లో, ఒకసారి గడిలో ఇచ్చిన సమాచారాన్ని అదే ప్రక్రియలో మళ్లీ టైపు చేయించకూడదనే నియమం కనీస స్థాయిలోనే ఉంది. రెజ్యూమె ఫైలుకు ఆ నియమం నేరుగా వర్తించదు గానీ, దాని ఉద్దేశాన్ని మేము ఇక్కడికీ తెచ్చుకున్నాం. రెజ్యూమె ఇస్తారా, గడులు నింపుతారా, ఏదో ఒకటి ఎంచుకోమన్నాం. క్షేత్రస్థాయి వాళ్లలో కొందరికి రెజ్యూమె ఫైలే లేదు. వాళ్లకు గడులే నయం.

స్క్రీన్ రీడర్ వాడిన ఆయన దగ్గర నేను చాలా నేర్చుకున్నాను. తేదీ ఎంచుకునే క్యాలెండర్ ఆయన్ను చిక్కుల్లో పడేసింది. మామూలుగా రోజు, నెల, సంవత్సరం మూడు గడులు పెడితే పది సెకన్లలో అయిపోయింది. తప్పు జరిగిన గడికి ఎర్ర అంచు మాత్రమే ఉండేది, అది ఆయనకు చేరదు. తప్పులన్నీ మాటల్లో పేజీ పైన, ఆ గడి దగ్గరా రాశాం. గడి లోపల లేత రంగులో రాసే సూచనలు టైపు చేయగానే మాయమయ్యేవి. వాటిని గడి పైకి తెచ్చాం. ఈ మార్పుల వల్ల మిగతావాళ్ల పని కూడా తేలికైంది.

ఒక చోట మాత్రం ఫారాన్ని తగ్గించలేదు. గతంలో మీ మీద లైంగిక దోపిడీ, వేధింపులు, దుష్ప్రవర్తన రుజువయ్యాయా, పాత యజమానులను మేము అడగడానికి ఒప్పుకుంటారా అనే ప్రకటన అది. సహాయ సంస్థల్లో ఒకచోట తప్పు చేసి ఇంకోచోట చేరిపోయేవాళ్లను ఆపడానికి 2019లో దుష్ప్రవర్తన వెల్లడి పథకం మొదలైంది. సంస్థలు అభ్యర్థుల గురించి ఒకరినొకరు అడగడం అందులో భాగం. పిల్లలతో పనిచేసే సంస్థకు ఇది బరువైన బాధ్యత. కానీ ఫారంలో ఆ ప్రశ్న ఏ ముందుమాటా లేకుండా, చట్టం భాషలో వచ్చేది. ఏ తప్పూ చేయనివాళ్లు కూడా అక్కడ టెన్షన్ పడ్డారు. భద్రతా అధికారితో కూర్చుని, ఎందుకు అడుగుతున్నామో, ఎవరు చదువుతారో, ఏ దశలో పాత యజమానిని అడుగుతామో నాలుగు వాక్యాల్లో రాశాం. ఇప్పుడు పనిచేస్తున్న చోట మాత్రం ఎంపిక ఖరారయ్యాకే అడుగుతామన్న వాక్యం చదివాక ఒకావిడ హమ్మయ్య అన్నారు. ఆమె ఉద్యోగం వెతుకుతున్న సంగతి ఆమె బాస్‌కు ఇంకా తెలియదు.

పంపిన తర్వాత

నా దృష్టిలో వెబ్‌సైట్ పని పంపు బటన్ దగ్గర ముగియదు. "అందిందా?" అనే మెయిల్స్ ఎక్కువగా వచ్చేది ఆ తర్వాతే. అందిందని చెప్పే మెయిల్‌ను తిరగరాసి, తర్వాత ఏం జరుగుతుందో, ఏ తేదీలోగా చెబుతామో అందులో పెట్టాం. ఎంపిక కానివాళ్లకు కూడా తప్పకుండా కబురు వెళ్లాలని కోరాను.

హెచ్‌ఆర్ ఇక్కడ గట్టిగా అడ్డుపడింది. "తేదీ రాస్తే, ఆ తేదీకి చెప్పలేకపోతే మాట పోతుంది కదండీ" అన్నారు. వాళ్ల భయం నిజమే. వడపోసేది హెచ్‌ఆర్ కాదు, ప్రాజెక్టు మేనేజర్లు. వాళ్లు క్షేత్రంలో ఉంటారు. అందుకే తేదీని హెచ్‌ఆర్ కాకుండా మేనేజరే ఇవ్వాలనీ, ఆ గడి నింపకపోతే ప్రకటన బయటికి వెళ్లకూడదనీ సాఫ్ట్‌వేర్‌లో కట్టుబాటు పెట్టాం. తేదీకి రెండు రోజుల ముందు మేనేజర్‌కు గుర్తుచేసే మెయిల్, ఆలస్యమైతే అభ్యర్థులకు పంపడానికి ముందే రాసిపెట్టిన రెండు వాక్యాలు.

ఈ భాగం ఇప్పటికీ నూరు శాతం సాఫీగా లేదు. ఒక మేనేజర్ రెండు నెలల తర్వాతి తేదీలు వేసి తప్పించుకునేవారు. దానికి డిజైన్‌లో నా దగ్గర జవాబు లేదు. వాళ్ల పైఅధికారి మాట్లాడాల్సి వచ్చింది. పేజీలో ఎంత మర్యాదగా రాసినా, వెనక పనిచేసేవాళ్లు తీరిక చేసుకోకపోతే అభ్యర్థికి అందేది మౌనమే.

కొత్త సైట్ వచ్చాక "జీతం ఉందా", "ఎక్కడ" అనే మెయిల్స్ దాదాపు ఆగిపోయాయి. పూర్తయిన దరఖాస్తులు పెరిగాయి, సంబంధం లేనివి తగ్గాయి. అంకెలు సంస్థవి కాబట్టి ఇక్కడ ఇవ్వడం లేదు.

మొదటి ఆలస్యం మూడో నెలలోనే వచ్చింది. వరదల వల్ల ఒక మేనేజర్ వడపోత ముగించలేకపోయారు. హెచ్‌ఆర్‌లో కొత్తగా చేరిన అమ్మాయి భయపడుతూనే ఆ రెండు వాక్యాలు అందరికీ పంపింది: ఇంకో పది రోజులు పడుతుంది, కారణం ఇది. తిట్లు వస్తాయని అనుకుంది. సాయంత్రం నాకు ఫోన్ చేసి వచ్చిన జవాబులు చదివింది. ఎక్కువమంది ధన్యవాదాలు చెప్పారు. ఇద్దరు వరద సహాయానికి వాలంటీర్లుగా రావచ్చా అని అడిగారు. ఒకరు మాత్రం ఒక్క వాక్యమే రాశారు: "ఇంతవరకు ఏ ఉద్యోగం వాళ్లూ ఆలస్యమవుతుందని నాకు చెప్పలేదండి."